అల్ట్రాసౌండ్ టోమోగ్రఫీ డేటాను అందరికీ ఇవ్వాలా, థీసిస్ అయ్యేదాకా దాచుకోవాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు కుదించి చెబుతాను. మీరు చిత్తూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో బోధిస్తూ పీహెచ్‌డీ చేస్తున్నారు. శబ్ద తరంగాలను పంపి, వినే 256 చిన్న ఎలిమెంట్లున్న వలయాకారపు ట్రాన్స్‌డ్యూసర్‌ను నీటి తొట్టెలో అమర్చి, అగర్‌తో పోతపోసిన ఫాంటమ్‌ల మీద, అంటే శరీర కణజాలాన్ని పోలిన నమూనాల మీద, కొలతలు తీశారు. తిరుపతిలోని ఒక ఆసుపత్రితో కలిసి, రొమ్ము పరీక్షకు వచ్చే మహిళల మీద కూడా కొలతలు తీయాలనుకుంటున్నారు. ఇంతలో ఒక విదేశీ బృందం మెయిల్ రాసి మీ డేటా అడిగింది. థీసిస్ సమర్పించేదాకా ఎవరికీ ఇవ్వవద్దని మీ గైడ్ గారు అంటున్నారు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏమివ్వాలి, రోగుల కొలతల విషయంలో ఏం చేయాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, ఇవ్వండి. అయితే ఒకరికి మెయిల్‌లో పంపడం కాకుండా, అందరికీ అందుబాటులో ఉండే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెట్టి ఇవ్వండి. ముందుగా ఫాంటమ్ కొలతలను మాత్రమే, ముడి సిగ్నళ్ల రూపంలో, వాటిని వాడుకోవడానికి కావలసిన వివరాలన్నిటితో కలిపి ఇవ్వండి. రోగుల కొలతలను సమ్మతి పత్రంలో ముందే రాసుకున్న మేరకే, అడిగినవారు ఎవరో తెలుసుకొని, ఒప్పందం మీద ఇవ్వండి. మీ గైడ్ గారి జాగ్రత్తను నేను తప్పుపట్టను, కానీ దానికి దాచుకోవడం కన్నా మెరుగైన మార్గం ఉంది. అది కింద చెబుతాను. నేను తిరుపతిలో చాలాకాలంగా అల్ట్రాసౌండ్ సిగ్నల్ ప్రాసెసింగ్ మీద పనిచేస్తున్నాను. ఇతరులు పెట్టిన డేటాను దించుకొని వాడాను, మా డేటాను బయట పెట్టాను కూడా. ఆ అనుభవం మీద రాస్తున్న మాటలివి.

ముందుగా, ఈ రంగంలో డేటా పంచుకోవడం మిగతా చోట్లకన్నా ఎందుకు అవసరమో చూద్దాం. మామూలు స్కాన్‌లో ప్రోబ్ పంపిన తరంగం వెనక్కి తెచ్చిన ప్రతిధ్వనినే చూస్తాం. టోమోగ్రఫీలో అవయవం చుట్టూ ఎలిమెంట్లు ఉంటాయి. ఒకటి పంపితే మిగిలినవన్నీ వింటాయి. అవతలి వైపుకు తరంగం ఎంత ఆలస్యంగా, ఎంత బలహీనపడి చేరిందో కొలిచి, లోపల ఏ చోట శబ్ద వేగం ఎంతో, క్షీణత ఎంతో గణిస్తాం. అందువల్ల మన చేతికి వచ్చే చిత్రం నేరుగా తీసిన కొలత కాదు, కొలత మీద కట్టిన లెక్క. ఒకే కొలత నుంచి ఇద్దరు పరిశోధకులు రెండు వేర్వేరు చిత్రాలు రాబట్టగలరు. ఎవరి పద్ధతి మెరుగైనదో తేలాలంటే ఇద్దరి చేతిలోనూ ఒకే ముడి డేటా ఉండాలి.

ఇది ఆలస్యంగా గ్రహించిన రంగం. మేయో క్లినిక్‌లో జేమ్స్ గ్రీన్‌లీఫ్ బృందం 1970లలోనే శబ్ద తరంగాలతో టోమోగ్రఫీ చేసి చూపింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, దట్టమైన రొమ్ము కణజాలం ఉన్న మహిళలకు మామోగ్రఫీతో పాటుగా సాఫ్ట్‌వ్యూ అనే యంత్రాన్ని వాడటానికి అనుమతి ఇచ్చింది 2021లో. నడుమ గడిచిన కాలంలో యంత్రాలు కొన్నే తయారయ్యాయి, వాటిలోనూ ఏ రెండూ ఒకేలా లేవు. సాఫ్ట్‌వ్యూది 2048 ఎలిమెంట్ల వలయం. జర్మనీలోని కార్ల్స్‌రూ సంస్థ రెండో తరం యంత్రంలో సగం కోడిగుడ్డు డొప్పలాంటి పాత్ర లోపలి గోడ నిండా 628 ప్రసారకాలు, 1413 గ్రాహకాలు ఉంటాయి. ఇలా ప్రతి బృందమూ తన యంత్రం మీద తన పద్ధతిని పరీక్షించి, తన చిత్రమే బాగుందని రాసుకుంటే, చదివేవాడికి పోల్చి చూసే దారి లేదు.

భూకంప తరంగాలతో నేల లోపలి పొరలను గణించేవారు ఈ చిక్కును మనకన్నా చాలా ముందు దాటారు. ఫ్రెంచ్ పెట్రోలియం సంస్థ 1988లో తయారుచేసిన మార్మూసీ అనే కృత్రిమ భూగర్భ నమూనా మీద ఎన్నో కొత్త పద్ధతులను పరీక్షిస్తూ వచ్చారు. నమోదైన తరంగం మొత్తాన్ని సరిపోల్చుతూ లోపలి చిత్రాన్ని వెనక్కి గణించే పూర్తి తరంగ విలోమ పద్ధతి, మనం నేడు వాడుతున్నది, కూడా భూకంప తరంగాలవారి నుంచి వచ్చినదే. మన రంగంలో అలాంటి ప్రయత్నం గట్టిగా మొదలైంది 2017లో. ఆ ఏడాది కార్ల్స్‌రూ, మాడ్రిడ్ బృందాలు ముందుండి ఎస్‌పీఐఈ అనే అంతర్జాతీయ కాంతిశాస్త్ర సంఘం వైద్య చిత్రణ సదస్సులో అల్ట్రాసౌండ్ టోమోగ్రఫీ డేటా పోటీ నిర్వహించి, వేర్వేరు యంత్రాల కొలతలను అందరికీ తెరిచి ఉంచాయి. అదే ఏడాది జర్మనీలోని స్పెయర్‌లో ఈ రంగానికే ప్రత్యేకించిన అంతర్జాతీయ కార్యశాల కూడా మొదలైంది. మీరు మీ డేటాను పెట్టే ముందు ఆ పోటీ కోసం పెట్టిన డేటాను దించుకొని, దానితో మీ ప్రోగ్రాంను నడిపి చూడండి. ఇతరుల డేటాతో కుస్తీ పట్టిన తర్వాతే మన డేటాలో ఏమేమి రాయాలో మనకు అర్థమవుతుంది.

బొమ్మలు కాదు, ముడి సిగ్నళ్లు ఇవ్వండి. రొమ్ము అల్ట్రాసౌండ్‌లో ఎక్కువమంది వాడే బహిరంగ సేకరణ కైరోలోని బహేయా ఆసుపత్రిది. 2020లో ప్రచురితమైంది. 600 మంది మహిళల నుంచి తీసిన 780 చిత్రాలు అందులో ఉన్నాయి. గడ్డ మామూలుదా, క్యాన్సరా అని కంప్యూటర్‌కు నేర్పడానికి అది ఎంతో పనికొచ్చింది. ఒకే చిత్రం మళ్లీ మళ్లీ కనిపించడం వంటి లోపాలను తర్వాతివారు పట్టుకోగలిగారంటే, అదీ బహిరంగంగా ఉన్నందువల్లనే. కానీ ఆ చిత్రాల నుంచి వెనక్కి నడిచి అసలు తరంగాన్ని రాబట్టడం ఎవరి వల్లా కాదు. టోమోగ్రఫీలో పరిశోధన అంతా ఆ తరంగం దగ్గరే ఉంది. కాబట్టి మీరు చిత్రాలు మాత్రమే పెడితే పరిశోధన పత్రానికి అలంకారంగా ఉంటుందే గాని, ఎవరి పనికీ ముడిసరుకు కాదు.

పరిమాణం గురించి భయపడనవసరం లేదు. 256 ఎలిమెంట్లు ఒక్కొక్కటిగా పంపుతూ, ప్రతిసారీ 256 వింటే ఒక అడ్డుకోతకు 65,536 సిగ్నళ్లు వస్తాయి. సెకనుకు 2.5 కోట్ల నమూనాల చొప్పున 160 మైక్రోసెకన్లు నమోదు చేస్తే సిగ్నల్‌కు 4,000 నమూనాలు. నమూనాకు రెండు బైట్లు వేసుకుంటే ఒక కోత సుమారు 524 మెగాబైట్లు అవుతుంది, నలభై కోతలు కలిపితే 21 గిగాబైట్ల దాకా వస్తుంది. సెర్న్ సంస్థ నడిపే జెనోడో భాండాగారంలో ఒక నమోదుకు మామూలుగా 50 గిగాబైట్ల వరకూ ఉచితంగా పెట్టుకోవచ్చు, శాశ్వత గుర్తింపు సంఖ్యగా డీఓఐ కూడా ఇస్తారు. కళాశాల సర్వర్ మీద, లేదా ఎవరో విద్యార్థి సొంత డ్రైవ్ ఖాతాలోనో పెట్టవద్దు. ఆ విద్యార్థి ఉద్యోగానికి వెళ్లిన రోజున ఆ లింకు కూడా పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. సిగ్నళ్ల ఫైలు ఒక్కటే పెడితే అది హద్దులు రాయని దస్తావేజు వంటిది. కాగితం ఉంటుంది, భూమి ఎక్కడుందో తెలియదు. సిగ్నళ్లతో పాటు వెళ్లవలసిన వివరాలే ఆ డేటా విలువను నిర్ణయిస్తాయి. దీన్ని ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. నీటిలో శబ్ద వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 1482 మీటర్లు, 30 డిగ్రీల వద్ద సుమారు 1509 మీటర్లు. అంటే ఆ మధ్యలో ఒక్కో డిగ్రీకి రెండున్నర మీటర్లకు పైగా మారుతుంది. మీ వలయం వ్యాసం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, తరంగం ఎదురుగా ఉన్న ఎలిమెంట్‌కు చేరడానికి సుమారు 133 మైక్రోసెకన్లు పడుతుంది. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తప్పుగా రాస్తే ఆ కాలంలో వచ్చే తేడా 0.2 మైక్రోసెకన్లకు కొంచెం ఎక్కువ. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ మీరు 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంటే ఒక పూర్తి ఆవర్తనం 0.4 మైక్రోసెకన్లు, సగం ఆవర్తనం 0.2. తేడా సగం ఆవర్తనాన్ని దాటిందంటే తరంగ విలోమ పద్ధతి సరైన శిఖరానికి బదులు పక్క శిఖరాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పి లెక్కించినా చిత్రం కుదురుకోదు. ఎలిమెంట్ స్థానాన్ని 0.3 మిల్లీమీటర్లు తప్పుగా రాసినా ఫలితం ఇంతే. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం నింపిన తొట్టె మధ్యాహ్నానికి, అందునా నడుమ కరెంటు పోయి ఏసీ ఆగితే, రెండు డిగ్రీలు మారడంలో వింత లేదు. అందువల్ల ఉదయం ఒకసారి థర్మామీటర్ చూసి రాసుకుంటే చాలదు. ప్రతి కొలతతో పాటు, వీలైతే తొట్టెలో రెండు చోట్ల, ఉష్ణోగ్రత నమోదు కావాలి.

ఇదే కారణంతో ఖాళీ నీటి కొలతను తప్పనిసరిగా జతచేయండి. ఫాంటమ్ పెట్టకముందు అదే తొట్టెలో, అదే నీటిలో, అదే అమరికతో తీసిన కొలత అది. దాని నుంచి ప్రతి ఎలిమెంట్ జతకూ ఉండే సొంత ఆలస్యాన్ని, ఎలిమెంట్ల నిజమైన స్థానాలను వాడేవారు తామే గణించుకోగలరు. మా దగ్గర ఇది ఎంత ఉపయోగపడిందో చెప్పాలి. మేము పెట్టిన ఫాంటమ్ డేటాను దించుకున్న ఒక బృందం, అందులోని ఖాళీ నీటి కొలతతోనే మా వలయంలోని ఎలిమెంట్ల స్థానాలను మేం యంత్రశాల గీతల నుంచి రాసుకున్నదాని కన్నా సూక్ష్మంగా గణించి, పట్టికను మాకు పంపింది. ఆ పట్టికను వాడిన తర్వాత మా పాత కొలతలన్నిటి చిత్రాలూ తేరుకున్నాయి. ఇలాంటి సహాయం డబ్బిచ్చి తెప్పించుకునేది కాదు, డేటా బయట ఉంటేనే వస్తుంది.

వీటికి తోడు పంపిన తరంగం ఆకృతి, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచారో) అమరికలు, నమోదు ఎన్ని మైక్రోసెకన్ల తర్వాత మొదలైందో, ఎన్నిసార్లు తీసి సగటు చేశారో, పనిచేయని ఎలిమెంట్లు ఏవో రాయాలి. పనిచేయని ఎలిమెంట్ల సిగ్నళ్లను తీసివేయకండి, వాటి జాబితా మాత్రం ఇవ్వండి. వడపోతలు, సవరణలు చేసిన తర్వాతి ఫైలును మాత్రమే పెట్టడం చాలామంది చేసే పని. మీ వడపోతలో ఏం పోయిందో మీకూ తెలియదు. ఇంకొకరికి అందులోనే పరిశోధన ఉండవచ్చు.

ఎలిమెంట్ల సంఖ్యలు ఏ దిశలో పెరుగుతాయో, పై నుంచి చూస్తేనా, కింది నుంచి చూస్తేనా అన్నది ఒక్క వాక్యంలో రాయవలసిన సంగతి. అది రాయని ఒక డేటాతో మా విద్యార్థి ఒకరు పడిన అవస్థ నాకు గుర్తుంది. ఆ ఫాంటమ్‌లో రంధ్రాలు సమాన దూరాల్లో ఉండటంతో చిత్రం అద్దంలో బింబంలా తిరగబడిందో లేదో చూసి చెప్పే వీలు లేకపోయింది. రచయితలకు రాస్తే, కొలతలు తీసిన వ్యక్తి అక్కడి నుంచి వెళ్లిపోయారని జవాబు వచ్చింది. అందుకే నా సలహా: ఫాంటమ్‌లో కేంద్రానికి పక్కగా, ఏ సౌష్ఠవానికీ లొంగని చోట ఒక సన్నటి నైలాన్ దారం పోత సమయంలోనే బిగించండి. దాని స్థానాన్ని స్కేలుతో కొలిచి రాయండి. దిశ తప్పినా, ప్రమాణం తప్పినా ఆ చుక్క చెబుతుంది.

ఫాంటమ్ విషయంలో మరొక జాగ్రత్త. అగర్, జెలటిన్ ఫాంటమ్‌లు ఎండుతాయి, కుంచించుకుపోతాయి, మన వేడికి తొందరగా పాడవుతాయి. పోసిన తేదీ, కొలిచిన తేదీ రెండూ రాయండి. అదే మిశ్రమాన్ని చిన్న అచ్చులో విడిగా పోసి, దానిలో శబ్ద వేగాన్ని వేరే పద్ధతిలో కొలిచి ఉంచండి. అది లేకపోతే మీ డేటాకు సరైన జవాబు అంటూ ఒకటి ఉండదు. రొమ్ములోని కొవ్వులో శబ్ద వేగం సుమారు 1440, గ్రంథి కణజాలంలో అంతకన్నా 70, 80 మీటర్లు ఎక్కువ. మీ ఫాంటమ్ పొరల మధ్య తేడా ఈ స్థాయిలో ఉంటే పోలికకు అర్థం ఉంటుంది.

ఫైలు రూపం గురించి పెద్ద చర్చ అక్కరలేదు. పెద్ద కొలతలను వాటి వివరాలతో కలిపి దాచే హెచ్‌డీఎఫ్5 రూపం వాడండి. ఏ భాషలోనైనా తెరుచుకుంటుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో ముడి ఛానెల్ డేటా కోసం యూఎఫ్ఎఫ్ అనే రూపం ఉంది. అది మీ వలయానికి పూర్తిగా సరిపోకపోయినా, ఏ వివరానికి ఏ పేరు పెట్టాలో అందులో చూసి నేర్చుకోవచ్చు. దూరాలు మీటర్లలో, కాలం సెకన్లలో పెట్టండి. డేటాతో పాటు, ఆ ఫైలును తెరిచి, సరళమైన ప్రసార కాలపు పద్ధతిలో ఒక శబ్ద వేగ చిత్రం గీసే చిన్న ప్రోగ్రాంను కూడా జతచేయండి. అది గొప్పగా ఉండనవసరం లేదు. దించుకున్నవాడు మొదటి గంటలోనే ఒక చిత్రం చూడగలిగితే మీ డేటాను వాడతాడు, లేకపోతే మూసేసి వెళ్లిపోతాడు.

కృత్రిమ డేటా కూడా పెడదామని అనుకుంటే మంచిదే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో బ్రాడ్లీ ట్రీబీ, బెన్ కాక్స్ రాసిన కే-వేవ్, ఇంపీరియల్ కాలేజీ నుంచి వచ్చిన స్ట్రైడ్ రెండూ తరంగాల ప్రయాణాన్ని కంప్యూటర్‌లో గణించే, ఉచితంగా దొరికే బహిరంగ సాధనాలు. అయితే ఏ ప్రోగ్రాంతో, ఏ గళ్ల కొలతతో డేటా పుట్టించారో అదే ప్రోగ్రాంతో, అదే గళ్లతో తిరిగి చిత్రం గీసి బాగుందనడం ఈ రంగంలో అందరికీ తెలిసిన ఆత్మవంచన. పుట్టించేందుకు ఒకటి, గీసేందుకు మరొకటి వాడి, రెండిటి వివరాలూ రాయండి.

ఇప్పుడు మీ గైడ్ గారి భయం. మన డేటాతో మనకన్నా ముందు వేరొకరు పత్రం రాసేస్తారేమో అన్నది నిజమైన భయమే. పరికరం మీద ఏళ్లు వెచ్చించిన చిన్న బృందానికి, వేగవంతమైన కంప్యూటర్లు ఉన్న పెద్ద బృందంతో పోటీ సమానం కాదు. కానీ దీనికి మార్గం వాయిదా వేసిన విడుదల. డేటాను నేడే భాండాగారంలో పెట్టి, ఫలానా తేదీ దాకా తెరుచుకోకుండా చేయవచ్చు. డీఓఐ ముందే వస్తుంది, దానిని మీ పత్రంలో రాసుకోవచ్చు. ఆ డేటా ఎవరిదో, ఎప్పటిదో నమోదై ఉంటుంది. థీసిస్ సమర్పణకు ఎంత సమయం పడుతుందో గైడ్ గారితో కూర్చొని నిర్ణయించి, అంతవరకే వాయిదా పెట్టండి. డేటాను వర్ణించడానికే ప్రత్యేకించిన పత్రికలు ఉన్నాయి. సైంటిఫిక్ డేటా, డేటా ఇన్ బ్రీఫ్ వంటివి. అందులో వచ్చే పత్రం మీ పేరు మీదే ఉంటుంది, వాడుకున్నవారు దాన్నే ఉటంకిస్తారు.

నా అభిప్రాయంలో ఈ భయం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. టోమోగ్రఫీ ముడి డేటాను అర్థం చేసుకోవడానికి బయటివారికి చాలా సమయం పడుతుంది. ఆ వ్యవధిలో తొట్టె, తీగలు, దోషాలు అన్నీ తెలిసిన మీరే ముందుంటారు. ఎక్కువ డేటాలకు జరిగేది దొంగతనం కాదు, ఎవరూ తెరిచి చూడకపోవడం. ఒకటి మాత్రం చేయకండి. భయం కొద్దీ కొన్ని ఎలిమెంట్ల సిగ్నళ్లనో, క్రమాంకన (కాలిబ్రేషన్) వివరాలనో దాచి సగం డేటా పెట్టకండి. అది ఎవరికీ పనికిరాదు, మీ పేరుకు కూడా మంచిది కాదు.

అనుమతుల సంగతి కొద్ది మాటల్లో. ఫాంటమ్ డేటాకు క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 చాలు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. వ్యాపారానికి వాడకూడదన్న షరతు పెట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. చివరికి రోగి దగ్గరకు చేరే యంత్రాన్ని తయారుచేసేది ఒక కంపెనీయే. ప్రోగ్రాంకు మాత్రం బీఎస్‌డీ, ఎంఐటీ వంటి సాఫ్ట్‌వేర్ అనుమతిని విడిగా పెట్టండి. మీ వలయం తయారీలో కొత్తదనం ఉండి పేటెంట్ ఆలోచన ఉంటే, వివరాలు బయటపెట్టకముందే తాత్కాలిక దరఖాస్తు వేయండి. దాని నుంచి పన్నెండు నెలల్లో పూర్తి దరఖాస్తు ఇవ్వవచ్చు. సిగ్నళ్ల నమోదుకు మరొక సంస్థ ఇచ్చిన పరికరం వాడితే, దానితో కుదిరిన ఒప్పందంలో డేటా బయటపెట్టడం మీద ఆంక్ష ఉందేమో కూడా చదవండి.

రోగుల కొలతలు వేరే సంగతి. ఇక్కడ నిర్ణయం డేటా వచ్చాక తీసుకునేది కాదు. మొదటి మహిళ సంతకం చేయకముందే తీసుకోవాలి. సమ్మతి పత్రంలో పంచుకోవడం గురించి ఏమీ రాయకుండా కొలతలు తీసి, రెండేళ్ల తర్వాత బయట పెడదామంటే, మళ్లీ ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్లి అడగాలి. అది సాధ్యం కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం సమ్మతి, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మన జిల్లాల్లో ఇది తెలుగు పత్రంతో ముగిసిపోదు. నగరి వైపు నుంచి తమిళం మాట్లాడేవారు, కుప్పం, పలమనేరు వైపు నుంచి తమిళం, కన్నడం మాట్లాడేవారు తిరుపతి ఆసుపత్రులకు వస్తారు. ఆ భాషల్లోనూ పత్రాలు సిద్ధం చేసి ఎథిక్స్ కమిటీకి ముందే ఇవ్వండి.

మా పత్రంలో పరీక్షకు ఒప్పుకోవడం ఒక గడి, డేటా పంచుకోవడానికి ఒప్పుకోవడం మరొక గడి. రెండోదానికి కాదన్నా మొదటిదానికి, చికిత్సకు ఏ ఆటంకమూ ఉండదు. రెండో గడి ఎదుట రాసిన మాటలు సుమారు ఇలా ఉంటాయి: ‘ఈ పరీక్షలో నమోదైన శబ్ద తరంగాల కొలతలను, నా పేరు, ఊరు, ఫోను, ఆసుపత్రి నంబరు తీసివేసిన తర్వాత, మన దేశంలోనూ విదేశాల్లోనూ ఉన్న పరిశోధకులు ఒప్పందం మీద వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను. నేను ఎప్పుడైనా ఈ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పటికే ఇతరులు తీసుకున్న కొలతలను తిరిగి రప్పించడం కుదరకపోవచ్చని నాకు చెప్పారు.’ ఈ చివరి వాక్యం లేని పత్రాలు నేను చాలా చూశాను. అది చెప్పకపోవడం నిజాయితీ కాదు. మా కమిటీలో ఒక సభ్యురాలు, డేటా దుర్వినియోగమైతే రోగికి ఎవరు జవాబు చెబుతారని అడిగారు. ఆ ప్రశ్న వల్లనే మేము పూర్తి బహిరంగత ఆలోచన వదిలి, అడిగినవారి సంస్థ సంతకంతో ఒప్పందం తీసుకొని ఇచ్చే పద్ధతికి వచ్చాం. మీకూ అదే మంచిదని నా సలహా.

పేరు తీసేస్తే చాలు గదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. ఒక మండలంలో, ఒక నెలలో, ఫలానా వయసులో అరుదైన రకం గడ్డ ఉన్నది ఒక్కరికే కావచ్చు. ఆ మూడు వివరాలు కలిస్తే ఊరివాళ్లు గుర్తుపడతారు. అందువల్ల మండలం, ఊరు పూర్తిగా తీసివేయండి. వయసును ఐదేళ్ల లేదా పదేళ్ల వర్గాలుగా ఇవ్వండి. తేదీలను ఒక్కో వ్యక్తికీ ఒక్కో లెక్కన జరపండి. ఓపీ నంబరు ఫైలు పేరులో దాగి ఉంటుంది, దాన్ని అందరూ మరచిపోతారు. హెచ్‌డీఎఫ్5 ఫైలు లోపలి వివరాల్లో కొలత తీసిన అసలు సమయం ఉండిపోతుంది. పోలిక కోసం మామూలు స్కాన్ చిత్రాలు కూడా జతచేస్తే, వాటి మూలల్లో ముద్రితమైన పేరు, ఆసుపత్రి నంబరు కనిపిస్తాయి. ఒక్కో చిత్రాన్నీ మనిషి కంటితో చూసి తుడిచివేయవలసిందే. యంత్రం మీద వదిలేయకండి.

చట్టం వైపు చూస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు కొంత మినహాయింపు ఇస్తుంది. ఆ డేటాతో ఆ వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అన్నవి దాని షరతులు. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఈ మినహాయింపు ఉంది కదా అని ఎథిక్స్ కమిటీ అనుమతి, సమ్మతి పత్రం అక్కరలేదని అనుకోవద్దు. అవి వేరు, ఇది వేరు. రోగుల కొలతలతో విదేశీ బృందంతో ఉమ్మడి అధ్యయనం చేయాలంటే, ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక కమిటీ అనుమతి విషయం కూడా ఉంటుంది. దానికి సమయం పడుతుంది కాబట్టి ముందుగా మీ ఆసుపత్రి పరిశోధన విభాగంతో మాట్లాడండి. ఇప్పుడు మీకు వచ్చిన మెయిల్‌కు ఫాంటమ్ డేటా ఎప్పుడు, ఎక్కడ విడుదలవుతుందో రాసి, వారి ప్రోగ్రాం ఏ రూపంలో డేటా కోరుతుందో అడగండి. రోగుల డేటా గురించి మాత్రం ఆ మెయిల్‌లో ఏ హామీ ఇవ్వకండి.

సహకారం అంటే విదేశాల వైపే చూడనక్కరలేదు. మనకు దగ్గర్లో ఉన్న గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే రాడార్ ఉంది. దానిలో 1024 యాగీ యాంటెన్నాలు ఉన్నాయి. అన్ని యాంటెన్నాల దశలను ఒకదానితో ఒకటి సరిపోల్చి నిలబెట్టే విద్య వారికి తెలిసినంతగా మన వైద్య చిత్రణ రంగంలో తెలిసినవారు తక్కువ. గాలిలో రేడియో తరంగమైనా, నీటిలో శబ్ద తరంగమైనా ఆ గణితం దగ్గరి చుట్టమే. తిరుపతి ఐఐటీలో గణన సామర్థ్యం, స్విమ్స్‌లోనూ శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రిలోనూ రోగ నిర్ధారణ చేసే రేడియాలజిస్టులు ఉన్నారు. ముడి డేటా, స్థానాల పట్టిక, తెరిచే ప్రోగ్రాం ఒకచోట ఉంటే వీరిలో ఎవరినైనా ఒక సాయంత్రం కూర్చోబెట్టి చూపించవచ్చు. పత్రంలో పేర్ల సంగతి మొదటి సమావేశంలోనే రాసుకోండి. డేటా ఇచ్చినంత మాత్రాన రచయిత కాడు, పనిలో, రాతలో పాలుపంచుకున్నవాడే రచయిత అని అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల సంఘం చెప్పే ప్రమాణాన్ని పెట్టుకుంటే తర్వాత మనస్పర్థలు రావు. రేడియాలజిస్టును చివర్లో చిత్రాలు చూపి అభిప్రాయం అడిగే మనిషిగా చూడకండి. ఏ గడ్డను బయాప్సీతో నిర్ధారించారో, ఏది చిత్రం చూసి చెప్పినదో విడివిడిగా నమోదు చేయించగలిగేది ఆయనే. ఆ తేడా రాయని రోగుల డేటా సగం విలువే చేస్తుంది.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రాలన్నిటి మీదా 1994 నాటి గర్భస్థ శిశు లింగ నిర్ధారణ నిషేధ చట్టం కన్ను ఉంటుంది. మీ యంత్రం నీటి తొట్టెకే పరిమితమైనది, దానితో గర్భాన్ని చూడటం సాధ్యం కాదు. అయినా దాన్ని ఆసుపత్రి ఆవరణలోకి తీసుకువెళ్లే ముందు, యంత్రం ఏమిటో, దానితో ఏం చేయడం సాధ్యం కాదో ఒక పేజీలో రాసి, జిల్లా స్థాయి అధీకృత అధికారిని రిజిస్ట్రేషన్ కావాలా అని రాతపూర్వకంగా అడగండి. ఫాంటమ్‌ల మీద మామూలు ప్రోబ్‌తో కూడా పోలిక కొలతలు తీస్తున్నట్లయితే ఆ స్కానర్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. వచ్చిన జవాబు ప్రతిని ఎథిక్స్ కమిటీ దరఖాస్తుకు జతచేస్తే, కమిటీ అడగబోయే మొదటి ప్రశ్నకు అక్కడే సమాధానం ఉంటుంది.